గోడకు ఆనించిన ఫ్రిజ్

నేను ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, మిక్సీలు బాగుచేస్త. చండ్రుగొండలో మెయిన్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి నా షాపు. మా నాయనను మేం అబ్బా అంటం, ఆయన కల్లూరులో రేడియోలు బాగుచేసేటోడు. ఆయన పక్కన కూసొని పని నేర్చుకున్న. రేడియోలు పోయినంక ఫ్రిజ్‌ల మీదికి వచ్చిన.

పూర్తిగా చెడిపోయిన మిషన్ నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. మోటరు కాలితే వాసన వస్తది, గ్యాస్ పోతే చల్లదనం పోతది. ఏం పోయిందో తెలిస్తే బాగుచేస్త, లేకుంటే నా వల్ల కాదని చెప్త. తంటా అంతా అప్పుడప్పుడు చెడిపోయేదాంతోనే. ఇంటివాళ్లు ఫోన్ చేస్తరు. నేను సామాను బ్యాగు తగిలించుకొని బండి మీద పోత. పోయేసరికి అది ఏమీ ఎరగనట్టు నడుస్తుంటది. "ఇందాకటి దాక ఆగిపోయే ఉండె అన్నా, నిజంగ" అంటది ఇల్లుగలామె. ఆమె ముఖం చిన్నబోతది. అట్లాంటప్పుడు నేను చిన్నగ నవ్వేటోణ్ణి. చెడ్డ నవ్వేం కాదు, అలవాటుగ వచ్చే నవ్వు. అది ఎదుటి మనిషికి ఎట్ల తగులుతదో చాలా ఏండ్లు ఆలోచించలేదు.

మా దగ్గర నుంచి అడవి వైపు పోతే జామాయిల్ తోటలు దాటినంక ఒక ఊరు వస్తది. అక్కడ ఒక రైతు కుటుంబం నాకు పాత గిరాకీ. వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి భూములు కొనుక్కొని స్థిరపడ్డరు. మిర్చి వేస్తరు, ఈ మధ్య పామాయిల్ కూడ పెట్టిండ్రు. ఇంట్లో పెద్దమ్మ, ఆమె కొడుకు, కోడలు, చిన్న మనవరాలు. పెద్దాయన పోయి చానా కాలమైంది. పొలం పనులు, కూలీల మాటలు, పాడి, వంట అన్నీ పెద్దమ్మ చేతి మీదనే నడిచేవి. పొడుగు మనిషి. మాటలో కోస్తా యాస ఇంకా మిగిలే ఉంది. ఇంట్లో గానీ బయట గానీ చెప్పులు వేసుకోంగ నేను చూడలేదు.

ఒక ఎండాకాలం కోడలు ఫోన్ చేసింది. "అన్నా, ఫ్రిజ్ షాక్ కొడుతుందని అత్తయ్య అంటుంది. మాకెవరికీ కొట్టట్లేదు. ఒకసారి వచ్చి చూడు" అన్నది.

పోయిన. పెద్దమ్మ నన్ను ఫ్రిజ్ దగ్గరికి తీసుకపోయింది. "పట్టుకుంటే జుమ్మంటుంది అబ్బాయ్. ప్రతిసారీ కాదు, ఒక్కోసారి. మోచేతి దాకా లాగేస్తుంది" అని చెయ్యి చూపించింది.

నేను మొదట చేసే పని ఒకటే. ఫ్రిజ్‌ను గోడ దగ్గర నుంచి ముందుకు గుంజి వెనక చూస్త. అట్లనే గుంజిన. వెనక దుమ్ము, బల్లి గుడ్ల పెంకులు. తీగలన్నీ బాగనే కనిపించినయి. కరెంటు ఉంటే వెలిగే టెస్టరు తీసి రేకు మీద అక్కడక్కడ పెట్టిన. వెలగలేదు. కంప్రెసర్ ఆపి, మళ్లీ నడిపించి పెట్టిన. అప్పుడూ వెలగలేదు. నా చేత్తో ముట్టుకున్న. ఏం లేదు.

"ఏం లేదు పెద్దమ్మా" అన్న.

"లేకపోవడమేంటి? పొద్దున కూడా కొట్టింది."

"ఇప్పుడైతే లేదు."

దుమ్ము తుడిచి, తీగలు సర్దినట్టు చేసి వచ్చేసిన. కొన్నాళ్లకు మళ్లీ ఫోన్ వచ్చింది. మళ్లీ అదే మాట. ఈసారి కొడుకు కూడ ఇంట్లనే ఉండె. నేను ఫ్రిజ్‌ను ముందుకు గుంజిన, టెస్టరు పెట్టిన, ఏమీ దొరకలేదు. అప్పుడు ఒక పని చేసిన. పెద్దమ్మను పిలిచి, "నీ చేత్తోనే ముట్టుకో పెద్దమ్మా, అందరం చూస్తం" అన్న.

ఆమె భయపడుకుంట వేలితో రేకును తాకింది. తర్వాత అరచెయ్యి మొత్తం పెట్టింది. షాక్ కొట్టలేదు. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. కొడుకు నవ్విండు. నేనూ నా నవ్వు నవ్విన. పెద్దమ్మ మా ముఖాలు చూసి తను కూడ నవ్వింది. కానీ చెయ్యి వెంటనే తియ్యలేదు. ఎప్పుడన్నా కొడుతదేమోనని అట్లనే పెట్టి నిలబడింది.

కొడుకు నన్ను బండి దాక సాగనంపిండు. "నిజం చెప్పు భాయ్, దాంట్లో ఏమన్నా ఉందా? మా అమ్మ రోజూ ఇదే గోల. పాప చేత ఐసుముక్క కూడ తియ్యనిస్త లేదు. మొన్న రాత్రి పడుకునే ముందు మెయిన్ బంద్ చేసేసింది, పొద్దుగాల్లకు పాలన్నీ విరిగినయి" అన్నడు.

నేను అక్కడ "నాకు దొరకలేదు" అంటే సరిపోయేది. నేను చూసిన దాంట్లో నిజం అంతే. కానీ దొరకలేదంటే పని రానోడనుకుంటరని లోపల ఎక్కడో ఉండె. బండి స్టాండు తీసుకుంట, "మిషన్‌లో ఏం లేదు తమ్మీ" అన్న. అంతటితో ఆగినా అయిపోయేది. "పెద్దమ్మకు షుగర్ గిట్ల ఉందా? షుగర్ ఉంటే చేతులు జుమ్ముమంటయి. మా అమ్మీకి గట్లనే ఉండేది. ఒకసారి దవాఖానాలో చూపించు" అని కలిపిన.

మంచి సలహా ఇచ్చిన అనుకున్న. దారంతా నా మనసు తేలిగ్గనే ఉండె.

వాళ్లు ఆమెను ఖమ్మం తీసుకపోయి నరాల డాక్టరుకు చూపించిండ్రు. షుగర్ కొంచెం ఉందని ఒక గోలీ ఇచ్చిండ్రట. చేతులు జుమ్మంటున్నయని కొడుకు చెప్తే దానికి వేరే గోలీలు రాసిండ్రు. ఫ్రిజ్ ముట్టుకుంటేనే అట్ల అయితదని పెద్దమ్మ డాక్టరుకు చెప్పబోయిందట. "మెకానిక్ చూసిండు సార్, ఏం లేదన్నడు" అని కొడుకు చెప్పిండట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ గదిలో నేను లేను గానీ నా మాట ఉంది. ఆమె మాట మీద నా మాట నిలబడ్డది.

వానలు మొదలైనంక ఆ ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ చప్పుడు చేస్తుందని కోడలు పిలిచింది. పోయేసరికి పెద్దమ్మ వసారాలో మంచం మీద కూసొని ఉంది. పగటిపూట ఆమె కూసోవడం నేను అదే మొదలు చూసుడు. కుడి చేతికి పిండికట్టు ఉంది. కండ్లు నిద్రగా ఉన్నయి.

"ఏమైంది పెద్దమ్మా?"

"పడ్డానబ్బాయ్. ఆ మాత్రలు వేసుకుంటే కళ్లు తిరుగుతాయి. మెట్టు దిగుతూ పడ్డాను" అన్నది. మామూలు గొంతుతోనే, "నాకే బాగాలేదని నువ్వు చెప్పావంటగా" అన్నది.

తిట్టినట్టు అనలేదు. అవునో కాదో తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నేను "ఫ్యాన్ చూసొస్త పెద్దమ్మా" అని లోపలికి పోయిన.

స్టూలు ఎక్కి ఫ్యాన్ విప్పుతున్న. కోడలు కింద నిలబడి మాట్లాడుతనే ఉంది. అత్తయ్యను ఇప్పుడు వంటింట్లోకి రానిస్త లేమని, గ్యాస్ దగ్గర భయమని, పక్కింటి వాళ్లు కూడ "ముసలామెకు చిత్తం తిరిగింది, జాగ్రత్త" అన్నరని చెప్పింది. ఆ పిల్ల చెడ్డదేం కాదు. అత్తకు అన్నం కలిపి తినిపిస్తున్నది, జుట్టు దువ్వుతున్నది. మనసులో దిగులు పెట్టుకొనే చెప్తున్నది. ఒక్కో మాట వింటుంటే నా చేతులు ఆగిపోతున్నయి. అప్పటికి ఫ్రిజ్‌లో తప్పుందని నాకు తెలియదు. అయినా నన్ను ఒక ప్రశ్న పట్టుకున్నది. ఒక మనిషిని వంటింట్ల నుంచి వసారాలోకి జరపడానికి నేను బండి మీద కూసొని అన్న ఒక్క మాట సరిపోయిందా అని.

ఫ్యాన్ పని అయిపోయినంక, "చెల్లే, ఒకసారి ఫ్రిజ్ చూస్త" అన్న.

"మళ్లీ ఎందుకన్నా, చూసినవ్ గద."

"ఊకెనే."

ఫ్రిజ్ ముందర బియ్యం బస్తాలు పెట్టి ఉన్నయి. వాన తడి తగలకుండ వసారాలో నుంచి లోపలికి తెచ్చి పేర్చిండ్రు. వాటిని జరిపితే గానీ ఫ్రిజ్‌ను ముందుకు గుంజరాదు. నాకు ఓపిక లేక, ఫ్రిజ్ గోడకు ఎట్ల ఆని ఉందో అట్లనే వదిలేసి, బస్తాల మీదికి వంగి టెస్టరు పక్కరేకుకు పెట్టిన. కింది మూల దగ్గర రంగు లేచిపోయి తుప్పు పట్టిన చోటుంది, అక్కడ పెట్టిన. వెలగలేదు. తీద్దామనుకుంటుండంగ కంప్రెసర్ ఒక్క కుదుపుతో మొదలైంది. టెస్టరులో ఎర్రగ వెలిగింది.

టెస్టరు తీసి మళ్లీ పెట్టిన. వెలుగుతనే ఉంది.

కోడలును దూరంగ ఉండుమని చెప్పి స్విచ్చు బంద్ చేసిన. బస్తాలు నేనే జరిపిన. ఫ్రిజ్‌ను ముందుకు గుంజి, స్విచ్చు వేసి టెస్టరు పెట్టిన. వెలగలేదు. మళ్లీ గోడకు నెట్టి పెట్టిన. వెలిగింది. ముందుకు గుంజితే లేదు, గోడకు ఆనిస్తే ఉంది.

అప్పుడు నేల మీద బోర్లా పడుకొని సెల్‌ఫోన్ లైటు వేసి చూసిన. కంప్రెసర్‌కు పోయే తీగ వెనక రేకు అంచు కింద నుంచి పోతది. ఫ్రిజ్‌ను గోడకు నెట్టినప్పుడు ఆ తీగ అంచుకు నొక్కుకుంటది. కంప్రెసర్ అదిరి అదిరి అక్కడ తీగ మీది తొడుగు ఒరిసిపోయింది. లోపలి రాగి రేకుకు తగిలీ తగలనట్టు ఉంది. నేను వచ్చిన ప్రతిసారీ మొదట ఫ్రిజ్‌నే గుంజేది. గుంజంగనే తీగ వదులై అంచు నుంచి పక్కకు జరిగేది. నేను పోయినంక వాళ్లు మళ్లీ గోడకు నెట్టేది. తప్పును వెతికేటోణ్ణి నేనే దాన్ని మాయం చేసి, లేదని చెప్పి పోయిన.

ఇంకోటి కూడ అప్పుడే చూసిన. ప్లగ్గుకు మూడు పిన్నులున్నయి గాని గోడ బోర్డులో ఎర్తు తీగ లేదు. అది ఉంటే మొదటి రోజే ఫ్యూజు కొట్టేసేది. మూడు పిన్నులున్నయి గద అని రెండుసార్లూ బోర్డు విప్పి చూడలేదు.

పెద్దమ్మకే ఎందుకు కొట్టిందో కోడలును అడిగితే అర్థమైంది. పొద్దున్నే వంటిల్లు కడిగేది ఆమెనే. తడి కాళ్లతో నిలబడి, కింది డబ్బాలో నుంచి కూరగాయలు తీసేటప్పుడు నడుం నొప్పికి పక్కరేకును పట్టుకొని వంగేది. ఆ తుప్పు మూల దగ్గరనే. కోడలు చిన్న మనిషి, దేన్నీ పట్టుకోకుండ వంగుతది. కాళ్లకు ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులు కూడ ఉన్నయి.

టేపు బ్యాగులనే ఉంది. చుట్టేసి, తీగను పక్కకు కట్టేసి, ఏం లేదని చెప్పి పోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్తే అబద్ధమైతది. టేపు చేతిల పట్టుకొని కొంతసేపు కూసున్న కూడ. వసారాలో నుంచి పెద్దమ్మ దగ్గు వినిపించింది. లేచి పోయి ఆమె మంచం దగ్గర నిలబడ్డ.

"పెద్దమ్మా, నువ్వు చెప్పింది నిజమే. ఫ్రిజ్ షాక్ కొడుతుంది. నేనే సరిగ్గ చూడలేదు" అన్న.

"బాగు చేశావా?" అన్నది.

"ఇంకా లేదు. ఇప్పుడు చేస్త."

"చెయ్యకు. ఆగు" అన్నది. "ముందు మావాణ్ణి రమ్మను. వాణ్ణి ముట్టుకోమను."

"వద్దు పెద్దమ్మా, ప్రమాదం."

"నేను ఇన్నాళ్లు ముట్టుకున్నాను కదా."

చివరికి ఒక మాటకు ఒప్పించిన. ముట్టుకోవద్దు, బల్బుతో చూపిస్త అన్న. పెరట్లో బోరింగు ఉంది, దాని ఇనుప పైపు భూమిలోకి పోతది. అక్కడ నుంచి ఒక తీగ వంటింట్లోకి లాగిన. హోల్డరులో జీరో బల్బు పెట్టి, ఒక తీగ బోరింగు వైపు కలిపి, ఇంకోటి ఫ్రిజ్ మూలకు తాకించేటట్టు పెట్టుకున్న. కోడలు ఫోన్ చేస్తే కొడుకు తోట నుంచి వచ్చిండు. పెద్దమ్మ కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకొని వంటింటి గడప దగ్గర నిలబడ్డది. లోపలికి రాలేదు.

తీగ తాకించిన. బల్బు వెలిగింది.

కొడుకుకు మొదట అర్థం కాలేదు. "ఏంది భాయ్ ఇది?" అన్నడు.

"ఫ్రిజ్ రేకులో కరెంటు ఉంది తమ్మీ. అమ్మ చెప్పింది దీని గురించే. నాకే దొరకలేదు. ఏం లేదని నేను చెప్పుడు తప్పు."

అతను బల్బును చూసిండు, తల్లిని చూసిండు. గోడకు ఆనుకొని అట్లనే కింద కూసున్నడు. కోడలు మనవరాలిని దగ్గరికి లాక్కొని గట్టిగ పట్టుకున్నది.

"ఇంకోసారి చూపించు" అన్నది పెద్దమ్మ.

చూపించిన. తర్వాత పక్కింటామెను పిలవమన్నది. ఆమె వచ్చింది, ఆమె వెనక ఆమె తోడికోడలు వచ్చింది. చూపించిన. ఎదురింటాయన ఏంది సంగతని తొంగి చూసిండు, ఆయనకూ చూపించిన. వచ్చినోళ్లందరికీ ఒకటే మాట చెప్పుకుంట పోయిన. ఆమె మనసుకేం కాలేదు, ఫ్రిజ్‌లోనే ఉంది, నేను చూసుకోలేదు. బల్బు వెలిగినప్పుడల్లా పెద్దమ్మ దాని వైపు కాకుండ, చూడటానికి వచ్చిన మనిషి ముఖం వైపు చూసింది.

అందరూ అయిపోయినంక, "ఇప్పుడు చెయ్యి" అని పోయి మంచం మీద పడుకున్నది.

తీగ మొత్తం మార్చిన. బోర్డుకు ఎర్తు లాగిన. పొద్దుగూకే దాక పట్టింది. కొడుకు సామాను అందిస్తనే ఉన్నడు. నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వేం చేస్తవ్ భాయ్, కన్నతల్లి చెప్తే నేను నమ్మకపోతి" అని తనను తనే తిట్టుకున్నడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండు అనిపించింది. తప్పులో నా వంతు కూడ ఆయనే ఎత్తుకుంటుంటే వద్దనే ధైర్యం నాకు చాలలేదు. "అట్లంటవేంది తమ్మీ" అని మెల్లగ గొణిగిన, అంతే.

ఇంటికి పోయి మా ఇంట్లో ఆమెకు చెప్పిన. ఆమె నన్ను ఓదార్చుతదనుకున్న. "మరి ఆ గోలీల సంగతి డాక్టరుకు ఎవరు చెప్తరు?" అని అడిగింది. నేను దాని గురించి ఆలోచించనే లేదు. తెల్లారి పెద్దమ్మ, కొడుకుతో కలిసి నేను కూడ కారులో ఖమ్మం పోయిన. డాక్టరు ముందు కూసొని ఫ్రిజ్ గురించి, తీగ గురించి చెప్పిన. ఆయన ఓపికగ విన్నడు. చేతులకు రాసిన గోలీలు ఒక్కసారే ఆపొద్దు, తగ్గించుకుంట మానెయ్యమన్నడు. షుగర్ గోలీ మాత్రం ఉంచిండు. వాపస్ వచ్చేటప్పుడు కారులో పెద్దమ్మ కిటికీ పక్కన కూసొని, దారిలో ఎవరి చేను ఎట్లుందో కొడుకుకు చెప్పుకుంట వచ్చింది. ఎవరు కాలువ కింద నాట్లు ఆలస్యం చేసిండ్రో కూడ చెప్పింది. ఆమె చిత్తం ఎంత తేటగ ఉందో వింటుంటే నాకు ముందు సీటులో తల ఎత్తబుద్ధి కాలేదు.

గోలీలు మానినంక ఆమె మళ్లీ వంటింట్లోకి వచ్చింది. కూలీలను మళ్లీ ఆమెనే పిలుస్తున్నది. చెయ్యి మాత్రం పూర్తిగ రాలేదు. ఎముక అతుకుపడ్డది గాని మణికట్టు తిరగదు. బిందె ఎత్తలేదు, పిండి పిసకలేదు. ఆ పనులు కోడలు చేస్తది. నాకు ఎవరూ ఏం గుర్తు చెయ్యరు. ఊళ్లో ఇంకా నన్నే పిలుస్తరు. "తప్పైతే తప్పని చెప్పే మనిషి" అని నా గురించి ఆ కొడుకు ఎవరితోనో అన్నడట. నలుగురిలో అది నాకు మంచి పేరైంది. ఆ పేరు వినవస్తే నేను మాట మారుస్త.

ఈ మధ్య ఆ ఇంట్లోనే వాషింగ్ మిషన్ నీళ్లు వదలడం లేదంటే పోయిన. పైపులో ఇరుక్కున్న బొత్తాం తీసేసరికి మధ్యాహ్నం అయింది. పెద్దమ్మ అన్నం తిని పొమ్మన్నది. పీట వేసి, కంచం పెట్టి, ఆవకాయ సీసా ఎడమచేత్తో తెచ్చి నా ముందు పెట్టింది.

"మూత నువ్వే తియ్యి అబ్బాయ్. తిప్పడం నాకు రాదు" అన్నది.

తీసి ఆమె చేతికి ఇచ్చిన. ముక్క వేసి, నెయ్యి వేసి, చల్లారకముందే కలుపుకొమ్మన్నది. నేను తలొంచుకొని కలుపుకున్న. ఎదురుగ కూసొని ఆమె ఈ ఏడు మిర్చికి తెగులు ఎట్ల వచ్చిందో చెప్పుకుంట పోయింది.